తుంగ గడ్డలు తినాలంటే: గుర్తుపట్టడం, తవ్వడం, వండడం

తుంగ గడ్డలు తినొచ్చా అన్న ప్రశ్న ఈమధ్య తరచూ వస్తోంది. పొలంలో తవ్విన గడ్డల ఫొటో పంపి అడిగేవాళ్లు కొందరు. ఆన్‌లైన్‌లో టైగర్ నట్స్ ప్యాకెట్ కొని, ఇది మన తుంగేనా అని అడిగేవాళ్లు ఇంకొందరు. తినొచ్చు. కానీ అది ఏ తుంగ, ఎక్కడ పెరిగిన తుంగ అన్నది తేలాకే నోట్లో పెట్టుకోవాలి. వండడం చాలా తేలిక. జాగ్రత్త పడాల్సిందంతా గడ్డ వంటింటికి రాకముందే.

మన చేలల్లో, గట్ల మీద ఎక్కువగా కనిపించేది సైపెరస్ రోటండస్. సున్నిపిండిలో వేసే తుంగముస్తలు దీని గడ్డలే. చేదు, కర్పూరం లాంటి ఘాటు. రెండోది సైపెరస్ ఎస్కులెంటస్. దీని గడ్డ తియ్యగా, కమ్మగా, బాదం పప్పు తిన్నట్టు ఉంటుంది. టైగర్ నట్స్ అని అమ్మేది దీన్నే. మొదటిదాన్ని చేదు తుంగ, రెండోదాన్ని తీపి తుంగ అని పిలుచుకుందాం. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లనే చాలామంది ఒక్కసారి వండి, ఛీ అనుకుని వదిలేస్తున్నారు.

ఇది కేవలం కరువు తిండి కాదు. ఈజిప్టులోని వాది కుబ్బానియాలో సుమారు 18 వేల ఏళ్ల కిందటి నివాస స్థలాల్లో కాలిన చేదు తుంగ గడ్డలు దొరికాయి. సూడాన్‌లోని అల్ ఖిదాయ్‌లో ప్రాచీనుల అస్థిపంజరాల పళ్ల మీది గారను పరీక్షించి 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే మొక్క ఆనవాళ్లు బయటపడ్డాయి. తీపి తుంగను స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో ఇప్పటికీ పంటగా వేస్తారు.

కావలసినవి

తవ్వడానికి గునపం లేదా బొరిగె, ఒక పార. కడగడానికి రెండు బకెట్లు, పాత గోనెసంచి ముక్క. చాకు, పలుచని నూలు బట్ట, మిక్సీ లేదా రోలు, సన్న జల్లెడ. ఎండబెట్టడానికి చాప, ఈగలు, దుమ్ము పడకుండా మీద కప్పడానికి పాత పంచె. గడ్డలు మొదటిసారికి పావుకిలో చాలు. ఎక్కువ తవ్వితే శుభ్రం చేయలేక విసుగొస్తుంది.

1. చోటు ఎంచుకోండి

ఈ మెట్టు దాటేశారంటే మిగతావన్నీ సరిగ్గా చేసినా లాభం లేదు. రైతుకు తుంగ పెద్ద శత్రువు. అందుకే చేలో కలుపు మందు ముందుగా పడేది దీని మీదే. గ్లైఫోసేట్ అనే కలుపు మందు ఆకు మీద పడితే కిందికి దిగి గడ్డలోకి చేరుతుంది. గడ్డను చంపడానికే దాన్ని కొట్టేది. చెరకులో, మొక్కజొన్నలో హాలోసల్ఫ్యురాన్ మిథైల్ అనే మందును ముఖ్యంగా తుంగ కోసమే వాడతారు. ఇలా లోపలికి చేరిన మందు కడిగితే పోదు. ఉడికిస్తే పోతుందన్న నమ్మకమూ లేదు.

కాబట్టి పొలం యజమానిని నేరుగా అడగండి: "ఈ ఏడాది గానీ, పోయినేడాది గానీ ఇక్కడ కలుపు మందు కొట్టారా?" కొట్టామన్నా, గుర్తులేదన్నా ఆ చేను వదిలేయండి. రోడ్డు పక్క, రైలు పట్టాల పక్క, మురుగుకాల్వ గట్టు, మూసీ లాంటి మురికినీరు పారే చేలు, చెత్త పోసే ఖాళీ స్థలాలు అసలే వద్దు. మీ పెరడు, మందు కొట్టని మామిడితోట, ఏళ్లుగా సేంద్రియ సాగు చేస్తున్న చేను మంచివి. ఇసుక కలిసిన నేల అయితే గడ్డ సులువుగా ఊడొస్తుంది. నల్లరేగడిలో తవ్వడం కన్నా కడగడమే కష్టం.

అలాంటి చోటు దొరక్కపోతే దిగులు పడకండి. చేదు తుంగ కావాలంటే వనమూలికల దుకాణంలో ఎండు తుంగముస్తలు, తీపిది కావాలంటే టైగర్ నట్స్ ప్యాకెట్ కొనుక్కుని, చేదుదైతే నేరుగా ఐదో మెట్టుకు, తీపిదైతే ఆరో మెట్టుకు వెళ్లండి. తుంగముస్తలు కొనేటప్పుడు తినడానికని చెప్పండి. ఒంటికి రాసుకునే పొడి కోసం తెచ్చిన సరుకులో మట్టి, పుల్లలు ఎక్కువగా ఉంటాయి.

2. మొక్కను నిలువునా చూడండి

పువ్వు మోసే కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి తిప్పండి. మూడు అంచులు చేతికి తగులుతాయి. గరిక, ఊద లాంటి గడ్డి జాతుల కాడ గుండ్రంగానో, కాస్త బల్లపరుపుగానో ఉండి, కణుపులు కనిపిస్తాయి. తుంగ కాడకు కణుపు ఉండదు. అడ్డంగా కోసి చూస్తే త్రికోణం స్పష్టంగా తెలుస్తుంది. ఆకులు కూడా మూడు వరసల్లో వస్తాయి.

అది తుంగ అని తేలాక, ఏ తుంగో చూడాలి.

చేదు తుంగ ఆకు ముదురు ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ ఉంటుంది, కొస ఉన్నట్టుండి సన్నబడుతుంది. పూలగుత్తి ఎరుపు కలిసిన గోధుమరంగు. తీపి తుంగ ఆకు కాస్త పసుపు కలిసిన లేత ఆకుపచ్చ, కొస నెమ్మదిగా సన్నబడుతూ పొడుగ్గా సాగుతుంది. పూలగుత్తి ఎండుగడ్డి రంగులో బంగారంలా మెరుస్తుంది.

వరిమడిలో కనిపించే తుంగల్లో చాలావరకు ఒక్క పంటకాలం బతికి పోయేవి. పీకి చూస్తే పీచు వేళ్లే తప్ప గడ్డలుండవు. అక్కడ వెతికి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

3. తవ్వండి, గడ్డను ఆకుతో సహా తీయండి

చలికాలం మొదట్లో, ఆకులు పండుబారుతున్నప్పుడు తవ్వితే గడ్డలు నిండుగా ఉంటాయి. ఆకు పూర్తిగా ఎండిపోయేదాకా ఆగకండి. ఆకు లేకపోతే ఏ మొక్క గడ్డ తవ్వుతున్నారో తెలియదు. నాగేటి గడ్డ, నక్కఉల్లి లాంటివి విషం. చూడ్డానికి అవి తుంగ గడ్డల్లా ఉండవు, చాలా పెద్దవి కూడా. కానీ తెగిన ముక్కలు బుట్టలో పడితే ఏది ఏదో పోల్చుకోలేరు. అందుకే ఒకటే నియమం: ఆకు, తీగవేరు, గడ్డ మూడూ కలిసి ఉన్నదే బుట్టలోకి. విడిగా దొరికిన గడ్డ ఎంత బాగున్నా పారేయండి.

మొక్క మొదట్లో పొడవకుండా, జానెడు దూరంలో చుట్టూ గునపం దింపి మట్టిని పెళ్లగించండి. ఎక్కువ గడ్డలు పైన జానెడు లోతులోనే ఉంటాయి. లాగితే తీగవేరు తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు మట్టి దులిపి చూడండి. చేదు తుంగలో ఒకే తీగవేరుకు గడ్డ తర్వాత గడ్డ దండలా గుచ్చినట్టు ఉంటాయి. పైన నల్లగా, పీచుగా ఉంటుంది. తీపి తుంగలో ఒక్కో తీగవేరు చివర ఒక్కటే గడ్డ. గుండ్రంగా, కాస్త నునుపుగా, గోధుమరంగులో ఉంటుంది. ఆకు రంగులో పొరబడ్డా ఇక్కడ పొరపాటు పడే అవకాశం తక్కువ.

4. కోసి, వాసన చూసి ఏరండి

గడ్డలను నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, గోనెసంచి ముక్కలో మూటకట్టి గట్టిగా రుద్దండి. మట్టి, పైపీచు చాలావరకు పోతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. నాలుగైదు సార్లయినా పడుతుంది. తర్వాత ఒక్కో గడ్డనూ కోసి చూడండి.

చేదు తుంగ లోపల లేతగా ఉంటే తెల్లగా, ముదిరేకొద్దీ ఎర్రగా, పుల్లలా ఉంటుంది. తెల్లవి తినడానికి, ఎర్రవి నీళ్లలో మరిగించడానికి పనికొస్తాయి. లోపల నల్లబడ్డవి, రంధ్రాలున్నవి, ముక్కవాసన వచ్చేవి పారేయండి. వాసన మందులా, కిరోసిన్‌లా తోస్తే ఆ చోటి గడ్డలన్నీ వదిలేయాలి. కర్పూరపు ఘాటుకీ ఈ వాసనకీ తేడా పట్టుకోవడానికి, దుకాణంలో కొన్న తుంగముస్త ఒకటి పక్కన పెట్టుకుని చూడండి.

మొదటిసారి రెండు మూడు గడ్డలు ఉడికించి తిని, మర్నాటిదాకా ఆగండి. దురద, కడుపునొప్పి లాంటివి లేకపోతేనే ముందుకు వెళ్లండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగర్ మందులు వేసుకునేవాళ్లు చేదు తుంగ వాడేముందు డాక్టర్ని అడగాలి. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఇది సరిపడదు. పసిపిల్లలకు సొంత వైద్యంగా ఇవ్వకండి.

5. చేదు తుంగతో ఏం చేయొచ్చు

దీన్ని బంగాళాదుంపలా కూర వండుకుంటామనుకుంటే నిరాశే. ఇది కొద్దికొద్దిగా వాడుకునే సువాసన దినుసు.

ముస్తల నీళ్లు: ఎండు ముస్తలు రెండు చెంచాలు తీసుకుని కచ్చాపచ్చాగా దంచండి. లీటరు నీళ్లలో వేసి, సన్నసెగ మీద సగానికి వచ్చేదాకా మరిగించి వడకట్టండి. ఆయుర్వేదంలో జ్వరం వచ్చినవాళ్లకు దాహానికి ఇచ్చే షడంగ పానీయంలో వేసే ఆరు దినుసుల్లో ముస్తలు ఒకటి. తీరు అదే, సగానికి మరిగించడం. శొంఠి ముక్క ఒకటి వేస్తే ఘాటు తగ్గినట్టు అనిపిస్తుంది. పొడి చేసి వేయకండి. వడకట్టినా గసి దిగుతుంది, చేదు రెట్టింపవుతుంది.

మజ్జిగ: కేరళలో ముత్తంగ అని పిలిచి, మజ్జిగలో కలిపి కాచి, పొట్ట బాగోలేనప్పుడు తాగుతారు. తాజా గడ్డలు మూడు నాలుగు చెక్కు తీసి మెత్తగా నూరి, అరలీటరు పలుచని మజ్జిగలో కలిపి, చిటికెడు పసుపు, ఉప్పు వేసి సన్నసెగ మీద పెట్టండి. గరిటెతో తిప్పుతూనే ఉండాలి. ఆవిరి రాగానే దించేయండి. పొంగు వచ్చిందంటే మజ్జిగ విరిగిపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే, పొయ్యి మీద పెట్టి పక్క పనికి వెళ్లడం.

పిండి: తెల్లగా ఉన్న లేత గడ్డలే తీసుకోండి. చెక్కు తీసి, పలుచని చక్రాల్లా కోసి, పావుగంట ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. కొత్త నీళ్లు పోసి మళ్లీ ఉడికించండి. ఒక ముక్క నమిలి చూడండి. నాలుక కొసన చేదు నిలిచిపోతుంటే మూడోసారి. తర్వాత చాప మీద పరిచి మూడు నాలుగు రోజులు మంచి ఎండలో ఎండబెట్టండి. విరిస్తే టక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. తడి ముక్కలు దంచితే పిండి వారంలో బూజు పడుతుంది, మీ శ్రమంతా వృథా.

దంచి జల్లించాక రెండు పరీక్షలు చేయండి. గ్లాసు నీళ్లలో చెంచా పిండి కలిపి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, నీళ్లు నెమ్మదిగా వంచేయండి. అడుగున ఇసుక ఉంటే వేలికి గరుకుగా తగులుతుంది. రెండోది, చిటికెడు పిండి వేళ్ల మధ్య రుద్దండి. పుల్లలు గుచ్చుకుంటే మళ్లీ సన్న జల్లెడ పట్టాలి. ఈ పిండితో విడిగా రొట్టె రాదు. నాలుగు పాళ్ల జొన్నపిండికి ఒక పాలు కలిపి రొట్టె చేయండి, లేదా రాగిజావలో చెంచాడు కలపండి. అంతకు మించితే చేదే మిగులుతుంది.

6. తీపి తుంగ పాలు

నా ఉద్దేశంలో తుంగల్లో అన్నిటికన్నా రుచైనది ఇదే. వాలెన్సియా పక్కనున్న అల్బొరాయా ఊరు ఈ పాలకు పేరుపొందింది, అక్కడ ఓర్చాటా అంటారు. ఉత్తర నైజీరియాలో హౌసా వాళ్లు ఇదే గడ్డలతో, ఖర్జూరం, కొబ్బరి, అల్లం చేర్చి కునున్ ఆయా చేస్తారు. వేసవిలో మనకు చక్కగా నప్పుతుంది.

పావుకిలో ఎండు గడ్డలు కడిగి, మునిగేంత నీళ్లలో ఒక రాత్రంతా నానబెట్టండి. గడ్డలు బాగా గట్టివైతే పూర్తిగా ఒక రోజు. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి, వేసవిలో అయితే ఫ్రిజ్‌లో పెట్టండి. నానిందో లేదో తెలియాలంటే ఒకటి కోయండి. లోపలంతా ఒకే రంగులో, తడిగా ఉండాలి. మధ్యలో పొడి చుక్క కనిపిస్తే ఇంకా నానాలి. సరిగ్గా నానకపోతే మిక్సీ బ్లేడుకు దెబ్బ, పాలూ తక్కువ.

నీళ్లు వంచి, గడ్డలు మిక్సీలో వేసి, లీటరు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బండి. పావుగంట అలాగే ఉంచి, నూలు బట్టలో పోసి గట్టిగా పిండండి. పిప్పిలో మరో గ్లాసు నీళ్లు పోసి రెండోసారి పిండితే ఇంకా పాలు వస్తాయి. నాలుగైదు చెంచాల బెల్లం పొడి లేదా పంచదార కలపండి. గింజ తీసిన ఖర్జూరాలు రుబ్బేటప్పుడే వేస్తే తీపి విడిగా అక్కర్లేదు.

కాచకండి. ఈ పాలలో పిండి పదార్థం ఎక్కువ. వేడి తగలగానే చిక్కబడి గంజిలా అవుతుంది. కాఫీలో కలుపుకుందామని మరిగించినవాళ్లందరికీ ఇదే జరిగింది. చిక్కటి జావే కావాలనుకుంటే మాత్రం కావాలనే కాచి, యాలకుల పొడి వేసి చంటిపిల్లాడి పాయసంలా గరిటెతో తినొచ్చు, అది వేరే వంట. కాచని పాలు కాబట్టి గిన్నెలు, బట్ట, నీళ్లు అన్నీ శుభ్రంగా ఉండాలి. కాచి చల్లార్చిన నీళ్లే వాడండి. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు.

ఎలా తెలుస్తుంది బాగా వచ్చిందని? పాలు తెల్లగా ఉండి, గంట కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకోవాలి. కలిపితే మళ్లీ ఒకటవ్వాలి. పుల్లటి వాసన వచ్చినా, బుడగలు కనిపించినా పారబోయండి. పాలు గోధుమరంగులోకి వచ్చి ఒగరుగా ఉంటే తోలు మట్టి సరిగ్గా పోలేదని అర్థం.

మిగిలిన పిప్పి పారేయకండి. ఎండబెట్టి దోసెపిండిలో కలుపుకోవచ్చు. పీచు ఎక్కువ కాబట్టి మొదటిరోజే ఎక్కువ తింటే కడుపు ఉబ్బరిస్తుంది.

7. తీపి తుంగ ఉండలు

ఈజిప్టులో థీబ్స్ దగ్గర రెఖ్‌మిరే అనే మంత్రి సమాధి గోడ మీద, సుమారు 3,400 ఏళ్ల కిందటి చిత్రాల్లో, తుంగ గడ్డలు దంచి, తేనె, కొవ్వు కలిపి శంకువుల్లాంటి పిండివంట చేస్తున్న దృశ్యం ఉంది. మన వంటింట్లో ఇది సున్నుండల పనే. ఎండు గడ్డలు దోరగా వేయించండి. సన్నసెగే ఉండాలి. సెగ పెద్దదైతే పైతోలు మాడి లోపల పచ్చిగా ఉంటుంది. కమ్మటి వాసన వచ్చి, ఒకటి నమిలితే కరకరలాడితే చాలు. చల్లారాక మెత్తగా పట్టించి జల్లించండి. వేడిగా మిక్సీ వేస్తే నూనె దిగి ముద్దవుతుంది. రెండు కప్పుల పొడికి కప్పు బెల్లం పొడి లేదా తేనె, ఉండ కట్టేంత కరిగించిన నెయ్యి. తేనె వాడితే మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

8. చెరువు తుంగలు, ఇసుక తుంగలు

ఉత్తర భారతంలో కసేరు పేరుతో అమ్మే గడ్డలు, చైనా వంటల్లో వాటర్ చెస్ట్‌నట్ అని వేసేవి కూడా తుంగ కుటుంబానివే. ఇవి బురదలో, నీళ్లలో పెరుగుతాయి. వీటిని పచ్చిగా పంటితో చెక్కు తీసి తినకండి. నీటి మొక్కలకు అంటుకుని ఉండే ఫ్లూక్ అనే పరాన్నజీవి పురుగు పిల్లలు పేగుల్లోకి చేరే ప్రమాదం ఉంది. కత్తితో చెక్కు తీసి, కడిగి, పది నిమిషాలు మరిగించాకే తినాలి.

సైపెరస్ బల్బోసస్ అని మరో చిన్న తుంగ ఇసుక నేలల్లో పెరుగుతుంది. మధ్య ఆస్ట్రేలియా ఆదివాసులు దాన్ని యల్కా అంటారు. వేడి బూడిదలో, ఇసుకలో కాల్చి, అరచేతుల మధ్య నలిపి పొట్టు ఊది తింటారు. మీరు తవ్విన తీపి తుంగనూ ఇలాగే కాల్చి చూడొచ్చు. పొయ్యి ఆరాక మిగిలిన నిప్పు బూడిదలో ఐదారు నిమిషాలు చాలు. తడి గడ్డ వేస్తే చిట్లి మీద పడుతుంది, ముందు ఆరబెట్టండి.

9. మిగిలిన గడ్డలు ఎక్కడ పారేయాలి

ఇది చాలామంది మరిచిపోయే మెట్టు. వేలిగోరంత గడ్డ మిగిలినా అది మొలుస్తుంది. కడిగిన నీళ్లు కూరగాయల మడిలో పోయకండి, చెక్కులు, పారేసిన గడ్డలు కంపోస్టులో వేయకండి. పై ఏడాదికి మడి నిండా తుంగే ఉంటుంది, ఎంత పీకినా పోదు. కడిగిన నీళ్లను గుడ్డలో వడపోసి, అందులో చిక్కిన చిన్న గడ్డలు, ఏరి పారేసినవి కలిపి సిమెంటు గచ్చు మీద పెళపెళలాడేదాకా ఎండబెట్టి, పొయ్యిలో వేయండి. తవ్విన చోట కూడా తెగిన దండలు వదిలేయకుండా ఏరండి. నేలలో ముక్కలైన దండలోని ప్రతి గడ్డా విడిగా మొలకెత్తుతుంది.

తీపి తుంగ పెంచుకుందామనిపిస్తే నేలలో వేయొద్దు. అదీ మొండి కలుపే. అడుగున రంధ్రాలకు జల్లెడ గుడ్డ వేసిన తొట్టిలో, ఇసుక కలిపిన మట్టిలో, రెండంగుళాల లోతున గడ్డలు నాటండి. తొట్టిని నేల మీద కాకుండా ఇటుకల మీద పెట్టండి. ఆకులు పండుబారాక తొట్టి మొత్తం బోర్లించి, మట్టి జల్లెడ పట్టి గడ్డలు ఏరుకోండి.